లక్ష్మవ్వ ఎడమ చెయ్యి

లక్ష్మవ్వ నెత్తి మీద తట్ట ఉన్నా లేకపోయినా నడక ఒక్కటే. మెడ నిటారుగా ఉంటుంది, చూపు పది అడుగుల ముందుంటుంది. మెట్టు దిగాల్సి వచ్చినా, కాలి కింద నేల కాస్త ఎగుడుదిగుడుగా తగిలినా ఎడమ చెయ్యి దానంతటదే నెత్తి దాకా లేస్తుంది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వేళ్లు ఒక క్షణం గాలిని తడిమి, తట్ట లేదని తెలుసుకుని, మళ్లీ కిందికి దిగుతాయి. ఇరవై రెండేళ్లుగా బొంబాయి మేడలకు ఇసుకా సిమెంటూ మోసిన చెయ్యి అది. దానికి సెలవులు తెలియవు.

శుక్రవారం సాయంత్రం వర్లిలో పని దిగి వచ్చి, కామాటిపుర ఆరో గల్లీ మొదట్లో మురుగు పారే గటర్ దాటబోయేసరికి ఆ చెయ్యి అలాగే లేచింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా కూతురు మంగళ, పక్కన మంగళ క్లాసు పిల్ల ఉజ్వల.

"ఆయీ, హాత్ ఖాలీ కర్!" అంది మంగళ పళ్ల బిగువున. అమ్మా, చెయ్యి దించు అని.

లక్ష్మవ్వ గబుక్కున దించింది. దించి, నవ్వి, "ఇంటికి రాండ్రి బిడ్డా, ఛాయ్ పెడత. నీ దోస్తును గూడ తీస్కరా" అంది.

ఉజ్వల పుస్తకాలు గుండెకు ఆనించుకుని ఎంతో మర్యాదగా, "హీరోయిన్ ఆలీ" అంది. హీరోయిన్ వచ్చింది! మంగళ మొహం కందగడ్డయింది. తల్లి కోసం ఆగకుండా, స్నేహితురాలి కోసం కూడా ఆగకుండా తాముండే గంగారాం చాల్ మెట్లు దడదడా ఎక్కేసింది.

ఎనిమిది నెలలుగా ఇదే వరస. మంగళ పదో తరగతి, మరాఠీ బడి. తల్లితో తెలుగు మాట్లాడటం మానేసింది. బాపమ్మతో తెలుగే, తండ్రితో తెలుగే, నల్లా దగ్గర కొట్లాట వస్తే మరీ మంచి తెలుగు. తల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మరాఠీ, అదీ రెండు మూడు మాటలు. లక్ష్మవ్వకు మరాఠీ రాక కాదు, పొద్దంతా సైటు మీద అదే భాష. కానీ కన్నకూతురు తనతో వర్లి ఇంజనీరు మాట్లాడినట్టు మాట్లాడుతుంటే ఆ కష్టం ఎవరికి చెప్పుకోవాలో తెలిసేది కాదు.

దీనికంతటికీ కారణం ఒక సినిమా. దాని పేరు 'ఖూనీ చౌథా మాలా', అంటే ఖూనీల నాలుగో అంతస్తు.

ఆ సినిమా తీసినవాళ్లకు సెట్టింగులు వేసే స్తోమత లేదు. సగం కట్టిన మేడ కనబడితే చాలు, వెళ్లి కెమెరా దించేవాళ్లు. పోయిన దీపావళికి ముందు ఒక ఆదివారం పని బందున్నప్పుడు, లక్ష్మవ్వ పనిచేసే వర్లి మేడ మీదికి వచ్చారు. విలన్ తరుముతుంటే హీరోయిన్ నాలుగో మాలా పరంచి మీదినుంచి పక్క మేడ పరంచి మీదికి ఒక చెక్క మీద నడిచి దాటాలి. చెక్క వెడల్పు జానెడున్నర. హీరోయిన్ మిస్ రోషిణి పైకెక్కి, ఒకసారి కిందికి చూసి, అక్కడే కూలబడి, తనను దించేదాకా కళ్లు తెరవలేదు. ఆమె బదులు చీర కట్టుకుని నడవడానికి తెచ్చిన ఫైటర్ రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, దండం పెట్టేశాడు. సైటు మీద గుడిసెలో ఉండే పాలమూరు కిష్టమ్మకు జ్వరమని ఆ పూట గిన్నెలో జావ పట్టుకుని వచ్చిన లక్ష్మవ్వను వాచ్‌మన్ చూపించాడు. ఆమెకు హీరోయిన్ గులాబీ రంగు చీర చుట్టారు. రోజుకు వందసార్లు నడిచే చెక్కే అది. తట్ట లేకుండా నడవమంటే లక్ష్మవ్వకు నవ్వొచ్చింది.

"ఒక్కసారి గాదు, మూడుసార్లు నడిపిచ్చిండ్రు! అంత నచ్చింది ఆ డైరెక్టర్ సాబ్‌కు. కిందికెల్లి చేతులూపుకుంట ఒకటే ఒర్లుడు, ఖుషీ పట్టలేక" అని ఆమె చాల్ మూడంతస్తులూ తిరిగి చెప్పింది. డైరెక్టర్ మనిషి ఒకడు నోటుబుక్కులో తన పేరు కూడా రాసుకున్నాడని, పర్దా మీద వేస్తామన్నాడని చెప్పింది.

మంగళ ఆ మాటను బడికి మోసుకుపోయింది. ఫాక్‌లాండ్ రోడ్డు థియేటర్లో సినిమా వచ్చిన మొదటి ఆదివారం నలుగురు క్లాసు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. గేటువాడు వయసు అడిగే థియేటర్ కాదది. తెర మీద హీరోయిన్ ఈ మేడ మీద కెవ్వున అరిచింది, మరుక్షణం ఆ మేడ మీద ఆయాసపడుతోంది. మధ్యలో చెక్కా లేదు, అమ్మా లేదు. ఆ చెక్క చివర జరిగే ఖూనీ మరీ ఘోరంగా ఉందని సెన్సారువాళ్లు ముందూ వెనకా కలిపి కత్తిరించేశారని తర్వాతెప్పుడో తెలిసింది. పేర్లు పడుతున్నప్పుడు మంగళ నిర్మాత దగ్గర్నుంచి టీ అందించినవాడి దాకా చదివింది. లక్ష్మవ్వ లేదు. బయటికొచ్చాక ఉజ్వల ఒక్కటే మాట అంది: "థాపాడీ." గాలి కబుర్లు చెప్పేదానా అని.

తెలిసినవాళ్లలో చూసింది కిష్టమ్మ ఒక్కతే, ఆమె నాట్లకని పాలమూరు పోయి మళ్లీ రాలేదు. అదీ సంగతి.

ఆ శుక్రవారం లక్ష్మవ్వ మెట్లెక్కి రెండో మాలా చేరేసరికి గదుల ముందరి గ్యాలరీలో జనం మూగి ఉన్నారు. మధ్యలో ఆంజనేయులు. ఫాక్‌లాండ్ రోడ్డు మీద టీవీలూ క్యాసెట్లూ అద్దెకిచ్చే మారుతి వీడియో నడిపే ఆంజనేయులు ఈ చాల్‌లోనే పుట్టాడు, ఈ నల్లా కిందే స్నానం చేశాడు. ఇప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూడా తీయడు. చేతిలో క్యాసెట్ డబ్బా. దాని మీద రక్తం కారే గొడ్డలి బొమ్మ.

"లక్ష్మక్కా! దొరికింది!" అని కేకేశాడు. "ఖూనీ చౌథా మాలా! ఫుల్ పిక్చర్! సెన్సార్ కత్తెర పడలే. థియేటర్ల ఏడు ఖూన్లే ఉండె, క్యాసెట్ల పదమూడు!"

"కడమ ఆరు ఇన్ని దినాలు ఏడ దాచిండ్రుర?" అన్నాడు లక్ష్మవ్వ మొగుడు భూమయ్య. గ్రాంట్ రోడ్డు దగ్గర సోడా ఫ్యాక్టరీలో సీసాలు కడిగే భూమయ్య నెమ్మదస్తుడు, దేనికీ ఆశ్చర్యపోడు.

"అట్లయితే లచ్చవ్వ చెక్క గూడ ఉంటదేమో!" అంది పక్క ఖోలీలో ఉండే అంజమ్మ. ఆ 'ఏమో'లో ఎనిమిది నెలల వేళాకోళం ఉంది.

మంగళ ఒక్కంగలో వచ్చి డబ్బా లాక్కుని వెనకవైపు ఇంగ్లీషు చదివింది. చదువుతున్నకొద్దీ ఆమె పెదాలు బిగుసుకున్నాయి. గోడకు చెప్పినట్టుగా తెలుగులో చెప్పింది. "మిస్ రోషిణి డూప్ లేకుంట, సొంతంగ చేసిన ప్రాణాంతక సాహసాలు. అట్ల రాసుంది."

 ఆంజనేయులు కళ్లద్దాలు సర్దుకుని, "ఏమనుకోకు అక్కా. డబ్బా మీద రాసిందంటే రాసినట్టే. కంపెనోళ్లు అబద్ధం ఎందుకు అచ్చేస్తరు?" అన్నాడు. వాడికి అచ్చయిన అక్షరం మీద అంత గురి.

లక్ష్మవ్వ తట్ట కింద పెట్టుకునే చుట్టబట్టను మెడ మీంచి తీసి దులిపింది. సిమెంటు దుమ్ము లేచింది. "ఐతారం టీవీ పట్టుకరా తమ్మీ. మా ఖోలీల్నే పెట్టు. అందరం చూద్దాం" అంది. కూతురివైపు తిరిగి, "నీ దోస్తును గూడ పిలు" అంది.

"నక్కో" అంది మంగళ, వద్దని.

"పిలు అంటున్న."

లక్ష్మవ్వ గొంతు పెంచలేదు. కానీ మంగళ తల వంచుకుని లోపలికి పోయింది.

*

శనివారమంతా లక్ష్మవ్వ సైటు మీద పరధ్యానంగానే ఉంది. ఆరో మాలాకు స్లాబు పడుతోంది. మిక్సరు దగ్గర్నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడ్డారు. తట్ట కిందినుంచి వస్తుంది, అందుకోవాలి, నెత్తినెత్తుకుని చెక్క మీద ఇరవై అడుగులు నడవాలి, ఒంపాలి, ఖాళీ తట్ట వెనక్కి విసరాలి. ఆలోచించడానికి సందు దొరికేది ఖాళీ చేతులతో వెనక్కి వచ్చే ఆ ఇరవై అడుగుల్లోనే.

ఆ రోజు తను మొహం కెమెరా వైపు తిప్పిందా? గుర్తు లేదు. నడుస్తున్నప్పుడు చూసేది చెక్క చివర, కెమెరాను కాదు. కొంగు నెత్తి మీదుగా కప్పారు. కెమెరా కింద, ఎక్కడో వెనక ఉంది. అయితే కనబడేది వీపు. తన వీపు ఎలా ఉంటుందో లక్ష్మవ్వకు తెలియదు. ఇంట్లో అద్దం అరచేతంత. ఫోటో దిగింది ఒక్కసారి, మహాలక్ష్మి జాతరలో, గుడ్డ మీద గీసిన విమానం ముందు కూర్చుని. అందులో కూడా మొహమే.

నన్ను నేనే గుర్తుపట్టకపోతే అందరూ ఎలా పడతారు, అనుకుంది. ఈసారి కూడా తేలకపోతే ఇక ఆ పిల్ల దగ్గర తన మాట జన్మలో చెల్లదు. ఆకలేస్తోంది అన్నా నమ్మదు. ఆ దిగులుతో ఒక తట్ట ఒంపాల్సిన చోట కాకుండా ఇంకోచోట ఒంపి మేస్త్రీ చేత తిట్లు కూడా తింది, ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

*

ఆదివారం మధ్యాహ్నం టీవీ మోసే హమాలీ రాలేదు. ఆంజనేయులు దుకాణం ముందు నిలబడి ఆకాశాన్ని తిడుతున్నాడు. లక్ష్మవ్వ చుట్టబట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, "ఎత్తు తమ్మీ" అంది.

"అక్కా, కలర్ టీవీ!"

"రంగుంటే బరువెక్కువైతదా? ఎత్తు."

అలా ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఊరేగింపు కదిలింది. ముందు మంగళ, ఈ జనంతో తనకు ఏ సంబంధమూ లేనట్టు పది గజాల దూరంలో. తర్వాత నెత్తి మీద టీవీతో లక్ష్మవ్వ. వెనక వీసీఆర్‌ను పురిటిబిడ్డలా రెండు చేతుల్లో పొదువుకుని ఆంజనేయులు. బస్సులు పక్కనుంచి రాసుకుపోయాయి, గుర్రబ్బండి ఒకటి అడ్డం వచ్చింది, టీవీ మాత్రం ఇంచు ఊగలేదు. చాల్ కొయ్యమెట్ల దగ్గర ఒక్కచోట ఎడమ చెయ్యి లేచి టీవీ అంచును తాకింది. ఈసారి చెయ్యి దించమని ఎవరూ అనలేదు, అనడానికి మంగళ అప్పటికే మెట్లెక్కేసింది.

పదడుగులకు పన్నెండడుగుల ఖోలీలో నలభై మంది పట్టారు. పట్టనివాళ్లు గ్యాలరీలోంచి తలలు దూర్చారు. కిటికీకి దుప్పటి కట్టారు. ముందు వరసలో ముసలమ్మలు, లక్ష్మవ్వ అత్త రాజవ్వ వాళ్లకు నాయకురాలు. ఆ వరసలో ప్రతి ఒక్కతీ బొంబాయిలో నాలుగైదు పెద్ద మేడలకు తట్టలు మోసి దిగినదే. లక్ష్మవ్వ వాళ్ల వెనక కూర్చుంది. గడప దగ్గర ఉజ్వల చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది, ఏ క్షణమైనా వెళ్లిపోవడానికి వీలుగా. టీవీ పక్కన ఆంజనేయులు, ఆంజనేయులు పక్కన బొత్తాల మీది ఇంగ్లీషు చదవగలిగిన మంగళ. "డెక్ మీద చెయ్యి పెట్టకు, హెడ్ పోతది, బొమ్మ రాదు" అని వాడు వీసీఆర్‌ను చూపించి ముందే హెచ్చరించాడు.

సినిమా మొదలైన పది నిమిషాలకే నలుగురు చచ్చారు. రక్తం గులాబీ షర్బత్ రంగులో ఉంది. విలన్ కుడిచేతికి చెయ్యి బదులు క్రేను కొక్కెం. దాంతో ఒకణ్ని గుచ్చి ఎత్తి సిమెంటు మిక్సర్లో పడేశాడు.

"మిక్సరు ఉల్టా తిరుగుతుంది, చూడు! సిమెంటు మాలంతా బయిట పడతది" అంది రాజవ్వ.

"ఇంజనీరు లేడు కావచ్చు" అంది అంజమ్మ.

"గా సెంట్రింగ్ మీద ఎట్ల నిలబడ్డడే? కింద పోటుకు బల్లీ కట్టెలే పెట్టలేదు!"

"అందుకే సచ్చిండు."

అయిదో ఖూనీ, ఆరో ఖూనీ. చచ్చినవాళ్ల గురించి ఎవరికీ చింత లేదు. నాసిరకం పరంచి గురించి మాత్రం ఖోలీ అంతా మండిపడింది. ఇలాంటి పని చేయించిన మేస్త్రీని ముందు కొక్కేనికి గుచ్చాలని తీర్మానించారు. భూమయ్య కూడా ఒకసారి నవ్వాడు.

ఏడో ఖూనీ అయ్యాక హీరోయిన్ గులాబీ చీరలో మెట్లెక్కి పరిగెత్తింది. వెనక కొక్కెం. నాలుగో మాలా. మిస్ రోషిణి కెవ్వున అరిచింది. లక్ష్మవ్వ ముసలమ్మల భుజాల మీదుగా ముందుకు వంగింది. మంగళ టీవీకి వీపు తిప్పి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, జనంవైపు కూర్చుంది. చూడలేక.

చెక్క వచ్చింది.

నిజంగానే వచ్చింది. కిందినుంచి, దూరం నుంచి తీశారు. తెల్లటి ఆకాశం, దాని మీద నల్లటి గీతలా చెక్క, దాని మీద గులాబీ రంగులో ఒక మనిషి. కొంగు నెత్తి మీదుగా ఉంది. మొహం లేదు. ఆ మనిషి తొందరపడకుండా, ఆగకుండా ఇటునుంచి అటు దాటింది. గాలికి చీర ఎగిరింది. అంతే. చెక్క చివర పొంచి ఉన్నవాడొకడు మరోవైపునుంచి వచ్చిన కొక్కేనికి బలైపోయాడు. ఎనిమిది.



"ఎవలో ఏమో. మొకమే కనబడకపాయె" అంది అంజమ్మ, ఈసారి వేళాకోళం లేకుండానే.

"చెప్పలేదా? మిస్ రోషిణే. డబ్బా మీద..." అని మొదలుపెట్టాడు ఆంజనేయులు.

 ఆ గులాబీ మనిషి ఎవరో లక్ష్మవ్వకే తెలియలేదు. నేను అంత పొడుగ్గా ఉంటానా? అంత నిబ్బరంగా నడుస్తానా? అది తను అని ప్రమాణం చేయమంటే చేయలేదు. ఏడుపు వచ్చేలా ఉంది. నలభై మంది ముందు ఏడవడమెలాగో తెలియక కొంగుతో మెడ తుడుచుకుంది. గడప దగ్గర ఉజ్వల చెప్పులు నేల మీద పెట్టి కాళ్లు దూర్చుకుంటోంది.

టక్కున చప్పుడైంది. టీవీలో తొమ్మిదో ఖూనీ మధ్యలో ఆగిపోయింది.

"ఏయ్ పోరీ! హెడ్!" అని అరిచాడు ఆంజనేయులు.

మంగళ వినలేదు. ఇంకో బొత్తాం నొక్కింది. బొమ్మ వెనక్కి పరిగెత్తింది. చచ్చినవాడు లేచి నిలబడ్డాడు, కొక్కెం వెనక్కి పోయింది, గులాబీ మనిషి వెనక్కి వెనక్కి నడిచింది. మంగళ మళ్లీ ముందుకు పోనిచ్చింది. ఈసారీ ఆమె టీవీ చూడలేదు, ముసలమ్మల్నే చూస్తోంది. గులాబీ మనిషి చెక్క మధ్యకు వచ్చిందని వాళ్ల మొహాల్లోనే చూసి, వెనక్కి తిరక్కుండానే బొత్తాం నొక్కింది. బొమ్మ గీతలు గీతలుగా వణుకుతూ నిలిచిపోయింది.

"ఎవ్వలూ కదలకుండ్రి" అంది మంగళ. "బాపమ్మా, నీ ఎడమ చెయ్యి ఏడున్నది?"

రాజవ్వ ఒళ్లో వెతుక్కుంది. లేదు. చెయ్యి నెత్తి మీద ఉంది. ముడతలుపడ్డ ఆ వేళ్లు లేని తట్ట అంచును పట్టుకుని ఉన్నాయి. పక్కనున్న ముసలామె చెయ్యీ నెత్తి మీదే. ఆ పక్కనామెదీ అంతే. అంజమ్మ చెయ్యి సగం లేచి చెవి దగ్గర ఆగి ఉంది. చెక్క మీద మనిషిని చూసేసరికి ముందు వరస మొత్తానికి, ఒక్కరికీ తెలియకుండా, చేతులు లేచాయి.

"ఇప్పుడు టీవీ చూడుండ్రి."

చూశారు. మంగళ కూడా అప్పుడే తిరిగి చూసింది. వణుకుతున్న బొమ్మలో హీరోయిన్ ఎడమ చెయ్యి, విలన్ తరుముతున్న హీరోయిన్ ఎడమ చెయ్యి, ఎంతో తాపీగా నెత్తి మీద ఉంది.

"కొక్కెమోడు ఎంబడి పడితే చేతులు ముందటికి చాపి ఉరుకుతరు గదా! నెత్తి మీద ఏమున్నదని పట్టుకుంటది?"  మంగళ ముసలమ్మల మీదుగా వెనక్కి చూసింది. అక్కడ లక్ష్మవ్వ ఎడమ చెయ్యి కూడా నెత్తి మీదే ఉంది, అచ్చం బొమ్మలో ఉన్నట్టే, చిటికెనవేలు కాస్త ఎడంగా. "అమ్మా! నువ్వే గదనే! అమ్మా!"

ఎనిమిది నెలల తర్వాత విన్న ఆ మాటకు లక్ష్మవ్వ లేవబోయి లేవలేకపోయింది, మధ్యలో అంతమంది ముసలమ్మలు. మంగళే వాళ్ల కాళ్ల మీదుగా, ఒళ్ల మీదుగా తొక్కుకుంటూ వచ్చి మీద పడింది. వచ్చి ఏడ్చింది. లక్ష్మవ్వ కూడా ఏడ్చింది, ఈసారి నలభై మంది ఉన్నారని తోచనే లేదు.

ఉన్నట్టుండి రాజవ్వ తొడ చరిచింది. "ఓసి నీ అమ్మ కడుపు సల్లగుండ! అందుకేనా మూడుసార్లు నడిపిచ్చింది!"

"ఏందత్తా?"

"చెయ్యి దించమని ఒర్లిండే పిల్లా, ఆ డైరెక్టరు! ఖుషీ లేదు, పాడు లేదు. మూడుసార్లు నడిపిచ్చినా నువ్వు దించకపోతివి, వాని పొద్దు గూకిపోయె!"

లక్ష్మవ్వకు ఆనాటి డైరెక్టరు కళ్ల ముందు నిలిచాడు, కింద నిలబడి ఎడమ చెయ్యి ఎత్తి ఎత్తి దించుతూ గంతులేస్తున్న మనిషి. తను పైనుంచి నవ్వుతూ దండం కూడా పెట్టింది. ఆమెకు నవ్వు ఆగలేదు. ఖోలీ మొత్తం నవ్వింది, గ్యాలరీ నవ్వింది, ఏమైందో తెలియని కింది మాలావాళ్లు కూడా పైకి చూసి నవ్వారు.

ఉజ్వల చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. బొమ్మ దగ్గరికి పోయి చూసింది, లక్ష్మవ్వ దగ్గరికి వచ్చి చూసింది. "హాత్ తోచ్ ఆహే" అంది చివరికి. చెయ్యి అదే. పోలీసు హవల్దారు కూతురు, సాక్ష్యం చూడకుండా ఏదీ ఒప్పుకోదు, చూశాక కాదనదు.

ఆ చెక్కను పదకొండుసార్లు వేయించుకున్నారు. మిగతా అయిదు ఖూన్లు ఎవరూ అడగలేదు. హీరో పగ తీర్చుకున్నాడో లేదో గంగారాం చాల్‌లో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

*

సోమవారం పొద్దున ఏడింటికి టీవీ, డెక్ దుకాణానికి తిరిగి చేరాలి. ఆంజనేయులు వచ్చేసరికి మంగళ బడి బట్టల్లో గడప మీద కూర్చుని ఒక తెల్ల కాయితం ముక్క మీద ఏదో రాస్తోంది. మరాఠీ అక్షరాలు, గుండ్రంగా, మార్కులు పడే చేతిరాత. రాసి, జిగురు పూసి, క్యాసెట్ డబ్బా వెనక మిస్ రోషిణి సాహసాల మీద అంటించి, అరచేత్తో అదిమింది.

"ఏం రాసినవ్?" అన్నాడు ఆంజనేయులు అనుమానంగా.

"చెక్క మీద నడిచింది లక్ష్మవ్వ, ఆరో గల్లీ."

వాడు డబ్బా తిప్పి తిప్పి చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు. "సరే. డబ్బా మీద రాసిందంటే రాసినట్టే" అన్నాడు.

లక్ష్మవ్వ టీవీ నెత్తికెత్తుకుంది. ఆంజనేయులు డెక్ వైపు చేతులు చాపేలోపు మంగళ దాని ముందు నిలబడింది. తల్లి పాత చుట్టబట్ట ఒకటి ఎప్పుడు తీసిందో, ఎలా చుట్టిందో, నెత్తిన ఉంది.

"ఏయ్, వద్దు" అంది లక్ష్మవ్వ. నవ్వు మాయమైంది. "నీ నెత్తిన అది పెట్టొద్దనే గదా నేను ఇన్నేండ్లు మోసింది. తీసెయ్."

"ఇయ్యాల ఒక్కదినమే అమ్మా. మళ్లెన్నడూ అడుగ."

"సదువుకునే పిల్లవు."

"సదువుకునే పోతున్న. ఇది దుకాన్ల పెట్టి, గట్లనే బడికి." మంగళ మొండిగా నిలబడింది. "నీ తీర్గ ఒక్కసారి నడుస్త. నడిచి చూస్త."

లక్ష్మవ్వ కూతురి మొహంలోకి చూసింది.  టీవీ కింది నుంచే, "మెడ నిటారుగ పెట్టు" అంది. "కిందికి చూడకు. చేత్తోని గట్టిగ పట్టకు, ఊకె ముట్టిచ్చు. బరువు మెడ చూస్కుంటది. చెయ్యి ఉత్తగ సంగతి తెలుసుకోనీకే."

"లక్ష్మక్కా, నా డెక్కు! హెడ్డు! దేవుడా!" అని ఆంజనేయులు రెండు చేతులూ చాపి, పడితే పట్టుకోవడానికి, మంగళ వెనకే వంగి నడిచాడు. కొయ్యమెట్లు దిగినంతసేపూ వాడు ఊపిరి తీసుకోలేదు.

గల్లీ మొదట్లో ఉజ్వల ఎదురైంది. మంగళ ఆగలేదు, తల తిప్పలేదు. తిప్పితే డెక్ పోతుంది. "మాఝీ బ్యాగ్ ఘే" అంది, సంచీ పట్టుకోమని. ఉజ్వల పట్టుకుంది. గటర్ దగ్గర తల్లి చెయ్యీ కూతురి చెయ్యీ ఒక్కసారే లేచాయి. ఒకటి టీవీని తాకింది, ఒకటి డెక్‌ను.

దుకాణంలో దించి, ఆంజనేయులు డెక్‌కు ప్రాణముందని నాలుగువైపులా తడిమి చూసుకున్నాక, ముగ్గురూ వెనక్కి బయలుదేరారు. లక్ష్మవ్వకు వర్లి బస్సు ఉంది, పిల్లలకు బడి. మళ్లీ గటర్ వచ్చింది. ఖాళీ నెత్తి మీదికి లక్ష్మవ్వ ఎడమ చెయ్యి లేచింది. పక్కన ఉజ్వల ఉందని గుర్తొచ్చి, అలవాటుగా గబుక్కున దించబోయింది.

"ఉండనీ అమ్మా" అంది మంగళ.

లక్ష్మవ్వ చెయ్యి అలాగే ఉంచి గటర్ దాటింది. దాటాక కూడా బస్సు స్టాపు దాకా దించలేదు.